ముందు నీళ్ళు

అబ్బులు మాస్టారు యానాంలో వైన్ రుచి చూడటం నేర్పేవారు. ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారు. తాగడం కూడా ఒకరు నేర్పాలా అంటారు. మా చదువులో తాగడమన్నదే ఉండదు. గుక్కెడు నోట్లో పోసుకుని, నాలుక మీద నాలుగు పక్కలా తిప్పి, తమ్మపడిగలో ఉమ్మేయాలి. మింగినవాణ్ణి మాస్టారు మర్నాడు గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. ఏ దేశపు ద్రాక్ష, ఎలాంటి నేలలో పండింది, ఏ వంటకంతో వడ్డిస్తే నప్పుతుంది, ఇంతవరకే మా పని. పెద్ద హోటళ్ళవాళ్ళు దేశదేశాల సీసాలు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. పీతల ఇగురుకి ఏది, పనసపొట్టు కూరకి ఏది అని ఆయన చెప్పిందే వాళ్ళ పట్టికల్లో అచ్చయ్యేది.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. సీసా మూత తీయకముందే ప్రతివాడూ గుక్కెడు మంచినీళ్ళు నోట్లో పోసుకుని, ఎలా ఉన్నాయో పైకి చెప్పాలి. ఒక్కరోజు కూడా మినహాయింపు లేదు. చెప్పడానికేముంటుంది? "నీళ్ళలాగే ఉన్నాయండి" అనేవాళ్ళం, బళ్ళో హాజరు పలికినట్టు.

మాలో పెద్దవాడు దొరబాబు. మూడేళ్ళ నుంచి ఉన్నాడు. కళ్ళకు గంతలు కట్టినా రైన్ నది ఒడ్డున పండినదేదో, నాసిక్‌లో పండినదేదో తడుముకోకుండా చెప్పేవాడు. అతనంటే నాకు అసూయగా ఉండేది, దాచుకోవడం దేనికి. ఒక కార్తీకమాసం పొద్దున అతను ఆ ప్రశ్న అడగనే అడిగాడు.

"మాస్టారండీ, కొత్తవాళ్ళకంటే సరే. మూడేళ్ళు నాలుక అరగదీసుకున్నాక నాక్కూడా ఈ నీళ్ళెందుకండీ?"

మాస్టారు కండువా భుజాన వేసుకున్నారు. "ఇవాళ వనభోజనాలు. పదండి, ఆలస్యమైతే పులిహోర అడుగంటుతుంది" అన్నారు.

గోదావరి గట్టున ఉసిరిచెట్ల కింద విస్తళ్ళు వేశారు. విశాఖ నుంచి వచ్చిన హోటల్ మేనేజరు పైడిరాజుగారు కూడా మాతోపాటే కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే ఆయన తెచ్చిన సీసాలు రుచి చూడాలి. కార్తీకంలో ఇదేం పని అని ముక్కున వేలేసుకునేవారికి ఒకటే మనవి: మేం మింగం. భోజనాలయ్యాక మాస్టారితో సహా అందరం తలో గుప్పెడు ఉసిరికాయలు కోసుకుని, ఉప్పద్దుకుని నములుతూ వెనక్కి నడిచాం.

మాస్టారింటి అరుగు మీద పొద్దుటి నుంచీ ఒకావిడ కూర్చుని ఉంది. పేరు నాగరత్నమ్మ. చిక్కబళ్ళాపురం దగ్గర తోట. టమాటా పీకేసి ద్రాక్ష పెట్టినప్పుడు ఊరంతా నవ్విందట. ఆరేళ్ళ తర్వాత దిగిన మొదటి వైన్ మూడు సీసాలు, పాత చీరలో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అంతకుముందు ఎన్ని చోట్ల తిరిగినా ఆ సీసా మూతైనా తీసినవాళ్ళు లేరు. అబ్బులుగారు బాగుందంటే మా హోటల్లో పెడతానని పైడిరాజుగారు మాటిచ్చారు. ఆమె ఆశంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. పొద్దున వనభోజనాలకి పిలిస్తే రాలేదు.

"ఈ పని అయ్యేదాకా నాకు ముద్ద దిగదు సామీ" అంది.

మాస్టారు కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గర ఆగారు. దొరబాబు లోపలికి వచ్చి, వరసగా పెట్టి ఉన్న మంచినీళ్ళ గ్లాసులు చూసి నవ్వాడు. తన గ్లాసు పక్కకి జరిపేశాడు. పెద్దవాడే జరిపాక మాకెందుకని మేమూ జరిపేశాం. ఉసిరి పిప్పి ఉమ్మేసి పనిలోకి దిగాం.

మొదటిది రైన్ ఒడ్డు తెల్ల వైన్. దొరబాబు సీసా మీది కాగితం చదివి, పుక్కిలించి, తల పంకించాడు.

"మామూలుగా పుల్లగా ఉండే సరుకండి ఇది. ఈసారి ఎంత మెత్తగా ఉందో చూడండి. ఆ ఏడు ఎండలు బాగా కాసుంటాయి. చీరమేను చేపల వేపుడుకి దీన్ని మించింది లేదు."

పైడిరాజుగారు రాసుకున్నారు. తర్వాతది ఫ్రాన్సు నుంచి వచ్చిన ఎర్ర వైన్. దాని వగరు తగ్గి, పెద్దరికం వచ్చిందన్నాడు దొరబాబు. మాంసం పలావుకి నప్పుతుందన్నాడు. అదీ రాసుకున్నారు.

మూడోది నాగరత్నమ్మ సీసా. దానికి అచ్చు కాగితం లేదు. 'తీపి లేనిది' అని ఆమె స్వయంగా కలంతో రాసి అంటించింది. దొరబాబు గుక్కెడు తిప్పి ఉమ్మేశాడు. మళ్ళీ ఒకసారి రుచి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇందులో పంచదార కలిపారండి."

గుమ్మంలో నిలబడ్డ నాగరత్నమ్మ రెండడుగులు ముందుకి వేసింది. "పంచదారా? నేనా?" అంది.

పైడిరాజుగారు తానూ రుచి చూసి అవునన్నారు. నన్నూ అడిగారు. నేనూ చూశాను. నిజంగానే తియ్యగా ఉంది. "అవునండి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

పైడిరాజుగారు పుస్తకం మూసేశారు. "అమ్మా, ఇలాంటివి దాస్తే మాకు మాటొస్తుంది. మిగతా హోటళ్ళవాళ్ళకి కూడా చెప్పాలి, ఏమీ అనుకోకండి" అన్నారు.

ఆమె ఏడవలేదు. సీసా చుట్టి తెచ్చిన చీరను అంచులు కలిపి మడత పెట్టింది. "నవ్వినోళ్ళు నవ్వినారు గాని, దొంగ అని మాత్రం మా ఊర్లో ఎవురూ అన్లేదు సామీ" అంది.

అప్పటికి మాస్టారు లోపలికి వచ్చి కూర్చున్నారు. మా మాటలన్నీ నూతి దగ్గరికే వినిపించాయి కాబోలు, ఏమైందని అడగలేదు. రోజూలాగే నీళ్ళ గ్లాసు అందుకుని గుక్కెడు నోట్లో పోసుకున్నారు. ఎప్పుడూ లేనిది, ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నెమ్మదిగా ఉమ్మేసి, నాగరత్నమ్మ వైన్ కూడా రుచి చూసి ఉమ్మేశారు. తర్వాత తన నీళ్ళ గ్లాసు దొరబాబు ముందుకి జరిపారు.

"ఇది ఎలా ఉందో చెప్పు."

"మంచినీళ్ళే కదండీ."

"ఎలా ఉన్నాయో చెప్పమన్నాను."

దొరబాబు తాగాడు. మనిషి మొహంలోంచి నెత్తురు దిగిపోవడం పుస్తకాల్లో చదివాను గాని, కళ్ళారా చూడటం అదే మొదలు. గ్లాసులోకి చూశాడు, మాస్టారివైపు చూశాడు, మళ్ళీ గ్లాసులోకి చూశాడు.

"తియ్యగా ఉన్నాయండి."

"పంచదార ఎవరు కలిపారు?"

నా జేబులో ఇంకా రెండు ఉసిరికాయలున్నాయి. వాటి మీద చెయ్యి పడేసరికి నాకు అసలు సంగతి తట్టింది. ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయని తెలియని పసిపిల్ల ఉంటుందా మన దేశంలో? చిన్నప్పుడు ఆ తీపి కోసమే కదా పుల్లకాయ నమిలేవాళ్ళం! సముద్రాల అవతల ద్రాక్ష పండిన ఏడు ఎండలెలా కాశాయో చెప్పగల మేధావులం, మా నోట్లో ఏముందో మరిచిపోయాం. మరిచి, పస్తున్న ఆడమనిషిని పట్టుకుని దొంగని చేశాం. అంతకంటే ఘోరం మరొకటుంది. మూడు సీసాల్లోనూ తగిలింది ఆ ఒక్క తీపే. అచ్చు కాగితం ఉన్నవాటిలో అది మంచి ఎండ అయింది, పెద్దరికం అయింది. ఆమె సీసాలో దొంగతనం అయింది.

పైడిరాజుగారు పుస్తకం మళ్ళీ తెరిచి, తాను రాసుకున్న మొదటి రెండు వరసలు చూసుకుంటూ ఉండిపోయారు. దొరబాబు లేచి నాగరత్నమ్మ ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "పొద్దున్నుంచీ ఇక్కడే ఉండాను, రేపు దాకా ఉండేకి నాకేం కష్టం లేదు. మీరు నోళ్ళు కడుక్కోండి సామీ" అంది.

మర్నాడు పొద్దున్నే అందరం కూర్చున్నాం. ఎవరూ చెప్పకుండానే ముందు నీళ్ళు తాగాం. నీళ్ళలాగే ఉన్నాయి. ఆ తర్వాత రైన్ ఒడ్డు వైన్ చూస్తే ఎప్పటిలాగే పళ్ళు జిల్లుమనేంత పులుపు. నాగరత్నమ్మ సీసాలో ఎంత వెతికినా తీపన్నది లేదు. పలచటి వగరు, దాని వెనక కాస్త మిరియం ఘాటు. గుత్తివంకాయకి దీన్ని మించింది ఇంతవరకూ చూడలేదని దొరబాబే పైకి చెప్పాడు. 'తీపి లేనిది' అన్న ఆమె మాటే పైడిరాజుగారి పుస్తకంలో తన చేత్తో రాసి, కింద సంతకం పెట్టాడు. ఆమె మొదటి ముద్ద మాస్టారింట్లో తిని, మధ్యాహ్నం రైలుకి వెళ్ళింది.

ఆమెను స్టేషన్లో దిగబెట్టి వచ్చాక దొరబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపలికి రావడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"మీరు కూడా మాతోపాటే ఉసిరికాయలు తిన్నారు కదండీ. ఆవిడ వైన్‌లో తీపి లేదని మీ ఒక్కరి నాలుకకే ఎలా తెలిసిందండీ?"

మాస్టారు సాయంత్రం పనికి గ్లాసులు కడుక్కుంటున్నారు. తలెత్తకుండానే జవాబు చెప్పారు.

"నా నాలుకకీ తెలియలేదు, నాయనా. నాకూ తియ్యగానే ఉంది."