ఇంజినీరు గారు పట్టుకున్న వైర్లు

ఉదయం తొమ్మిదీ పదికి మెకానిక్ పీరయ్య తన అద్దె షెడ్డులో ఒక పాత స్కూటర్ హెడ్‌లైటు విప్పి, లోపలి వైర్ల చిక్కు చూసి నిట్టూర్చాడు. పదేళ్లుగా నలుగురు మెకానిక్కులు వేసిన అతుకులవి. సగం పీకేసి కొత్తవి వేస్తే సరిపోతుంది. కానీ స్కూటర్‌కీ, ఈ షెడ్డుకీ యజమాని అయిన రిటైర్డ్ ఇంజినీరు చక్రధరరావు నెత్తిమీద నిలబడ్డాడు.

"ఎర్రదెందుకు కోశావ్? ముప్పై వంతెనలు కట్టినవాణ్ణి, నాకు తెలీదా? సాయంత్రానికి బండి కదలకపోతే షెడ్డు ఖాళీ చెయ్!"

పీరయ్య కలిపిన ప్రతి వైరునీ ఆయన విప్పేస్తున్నాడు. మధ్యాహ్నానికి పని మూడోసారి మొదటికొచ్చింది.

"అయ్యగారూ, ఇది నావల్ల కాదు, మీరే పట్టాలి," అంటూ పీరయ్య ఆయన రెండు చేతుల్లో రెండు వైర్లు పెట్టాడు. "ఇవి ఒకదానికొకటి తగిలితే బండి మాడిపోతుంది. నేను చెప్పేదాకా కదలకండి, మాట్లాడకండి."

ఇంజినీరు చేతులు చాపి గంటన్నర బొమ్మలా నిలబడ్డాడు. ఆ వైర్ల అవతలి కొసలు దేనికీ కలపకుండా బల్లకింద వేలాడుతున్నాయి.

బండి స్టార్టయింది, హారన్ మోగింది.

"చూశావా, నా చెయ్యి పడితేగానీ కాలేదు!" అన్నాడాయన.

నాలుగు రోజులయ్యాక పీరయ్యకు తెలిసింది: ఇద్దరు స్నేహితుల స్కూటర్లకు ఈ షెడ్డులోనే స్వయంగా వైరింగ్ చేసిపెడతానని ఆయన మాటిచ్చేశాడట.