నాయనమ్మ గొంతుతో పలికిన చిలక

అనగనగా సముద్రపు ఒడ్డున కోట కట్టుకుని ఒక రాజు ఉండేవాడు. పేరు సింహదమనుడు. ఆయనకు ఒక్కడే కొడుకు, కీర్తిసేనుడు. తల్లి పురిట్లోనే పోతే ఆ పిల్లవాణ్ణి నాయనమ్మ నాగాంబిక పెంచింది. అన్నం కలిపి పెట్టింది, ఈత నేర్పించింది, తప్పు చేస్తే చెవి మెలిపెట్టింది.

కీర్తిసేనుడికి ఇరవయ్యో ఏట నాయనమ్మ జ్వరం వచ్చి కన్నుమూసింది. అతను ఏడవలేదు. శ్మశానం నుంచి తిరిగొచ్చి ఆమె గది తలుపు మూసి, "నాయనమ్మ నిద్రపోతోంది, ఎవరూ లోపలికి వెళ్లకండి" అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే మాట. విన్నవాళ్లకు ఒళ్లు జలదరించేది.

పన్నెండో రోజున ఒక బైరాగి కోటకు వచ్చాడు. "ఏడు సముద్రాల అవతల కంకాళుడనే మాంత్రికుడున్నాడు. అతని చిలక, పోయినవాళ్ల గొంతుతో మాట్లాడుతుంది" అని చెప్పాడు.

"వద్దు నాయనా. అక్కడికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఆవిడ నాకూ అమ్మే. నేను ఓర్చుకోవడం లేదా?" అన్నాడు రాజు.

కీర్తిసేనుడు వినలేదు. ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి గిలగిల్లాడుతుంటే తిరగేసి నిలబెట్టాడు. ఆ మేలుకు తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. నాలుగో సముద్రం మీద పక్షి లేదు. ఐదోదాంట్లో చేప లేదు. ఆరోదాని మీద గాలి లేదు. ఏడో సముద్రంలో అలల చప్పుడు కూడా లేదు.

తాబేలు గొంతు తగ్గించింది. "కంకాళుడి ప్రాణం అతని ఒంట్లో లేదు బాబూ. ఎక్కడ దాచాడో నాకు తెలియదు. దేనికి భయపడతాడో కనిపెట్టు. నేను ఇక్కడే ఉంటాను."

దీవి మీద ఒక గుహ. గుహలో ఇనుప పంజరం, అందులో పచ్చని చిలక. దాని చుట్టూ వందమంది కూర్చుని ఉన్నారు. వాళ్ల భుజాల మీద సాలెగూళ్లు. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు.

"మీ నాయనమ్మ కోసం వచ్చావు కదూ?" వెనక నుంచి మెత్తగా అన్నాడు కంకాళుడు. "ఆమెతో గడిపిన ఒక రోజు నాకివ్వు. మాట వినిపిస్తాను."

ఈత నేర్చుకున్న రోజు ఇచ్చాడు కీర్తిసేనుడు. మాంత్రికుడు అతని నుదుటి మీద వేలు పెట్టగానే ఆ రోజు మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. "వచ్చావా నాన్నా" అంది చిలక. అచ్చం నాయనమ్మ గొంతే.

పట్టాభిషేకం ఆట ఆడిన రోజు ఇచ్చాడు. "నన్ను వదిలి వెళ్లకు నాన్నా" అంది చిలక.

మూడో రోజు కూడా ఇవ్వబోయాడు. పక్కన కూర్చున్న అమ్మాయి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది.

"ఇవ్వకండి. నేను హేమవల్లిని, ఒక రాజు కూతుర్ని. మా తాతయ్య కోసం వచ్చాను. అన్ని రోజులూ ఇచ్చేశాను. ఇప్పుడు ఆయన ముఖం గుర్తు లేదు, పేరు గుర్తు లేదు. ఎందుకు ఏడుస్తున్నానో కూడా తెలియడం లేదు."

కీర్తిసేనుడికి అనుమానం వచ్చింది. అతను పంజరం దగ్గరికి జరిగి, "నాయనమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

"ఆకలి సంగతి తర్వాత. నా దగ్గరే కూర్చో" అంది చిలక.

అతను ఆకలన్నాక నాయనమ్మ ఒక్కనాడూ అలా అనలేదు. ఇది ఆమె కాదు. అంతలో గుహ వాకిట్లో ఒక డేగ నీడ కదిలింది. కంకాళుడి ముఖం పాలిపోయింది, చేతులు పంజరాన్ని కప్పేశాయి. ప్రాణం ఎక్కడుందో తెలిసిపోయింది.

కీర్తిసేనుడు మాంత్రికుణ్ణి ఒక్క తోపు తోసి, పంజరం తెరిచి చిలక మెడ పట్టుకున్నాడు.

"నొప్పిగా ఉంది నాన్నా. నీ చేత్తోనే చంపుతావా?" అంది చిలక, నాయనమ్మ గొంతుతోనే.

అతని వేళ్లు సడలిపోయాయి. కంకాళుడు లేచి మీదికి వస్తున్నాడు. వందమందీ ఒక్కసారిగా తలలు తిప్పి చూస్తున్నారు.

"మా నాయనమ్మ చనిపోయింది" అన్నాడు కీర్తిసేనుడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. బావురుమని ఏడుస్తూనే మెడ విరిచేశాడు. కంకాళుడు నిలుచున్నచోటే బూడిదైపోయాడు.

వందమందీ కళ్లు నులుముకుని లేచారు. తాబేలు తన బంధుగణాన్నంతా పిలిచి అందరినీ ఎవరి ఊరికి వాళ్లను చేర్చింది.

కానీ ఇచ్చేసిన రోజులు తిరిగి రాలేదు. కోటకు వచ్చాక కీర్తిసేనుడు తండ్రిని అడిగాడు. "నాన్నగారూ, నాయనమ్మ నాకు ఈత ఎలా నేర్పిందో మీకు తెలుసా?" రాజు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. చెబుతూ నవ్వాడు, చెబుతూ ఏడ్చాడు. హేమవల్లికి వాళ్ల అమ్మమ్మ నెల రోజులపాటు తాతయ్య కబుర్లే చెప్పింది.

ఆ ఏడు తిరక్కుండానే కీర్తిసేనుడికీ హేమవల్లికీ వైభవంగా పెళ్లి జరిగింది. వాళ్లు అరవై ఏళ్లు రాజ్యమేలారు. వాళ్ల రాజ్యంలో ఎవరింట్లో పెద్దవాళ్లు పోయినా రాజూ రాణీ స్వయంగా వెళ్లేవారు. చాప మీద కూర్చుని, "వారు ఎలాంటి మనిషో చెప్పండి, వింటాం" అనేవారు.