గడ్డం కింద చెయ్యి

ఆదోనిలో ఫొటోలు తీసే దస్తగిరి సాయిబు దగ్గర హంపమ్మ పని నేర్చుకునేది. కెమెరా పెట్టె వెనక నల్లగుడ్డ కప్పుకుని చూసే కాలం అది. ఆ అద్దంలో మనుషులు తలకిందులుగా కనపడేవాళ్లంట, ఏం చిత్రమో!

పెండ్లి ఫొటో అంటే హంపమ్మ ముందుండేది. చావు ఫొటో అంటే మాత్రం ఆ పూటే ఆమెకు కడుపునొప్పి వచ్చేది.

ఒకనాడు సాయిబు వదల్లేదు. "కడుపునొప్పి రేపు తెచ్చుకుందువు. ఈ ఫొటో నువ్వే తియ్యి," అన్నాడు.

పోయింది కొత్తగా పురుడైన పిల్ల. పందొమ్మిదేండ్లు. ఇంటి ముందు పంచలో కుర్చీలో కూర్చోబెట్టి గోడకు ఆనించినారు. బయట పాడె కడుతున్నారు.

ఆ పిల్ల తల్లి మూడు దినాల పసిగుడ్డును ఎత్తుకుని నిలబడింది. "ఒక్క ఫొటో కూడా లేదయ్యా. రేపు ఇది మా అమ్మ మొగం ఏదంటే ఏం చూపేది?"

హంపమ్మ నల్లగుడ్డలో దూరింది. తలకిందులైన మొగం. సగం మూసిన కండ్లు తననే చూస్తున్నట్టున్నాయి. అలవాటు కొద్దీ నోరు జారింది.

"కదలొద్దమ్మా."

పంచలో ఎవరో వెక్కినారు. హంపమ్మకు ఒకటే అనుమానం. నిజంగానే కదిలితే? గుడ్డ విసిరేసి బయటికొచ్చింది.

"నావల్ల కాదు సాయిబూ. తల వాలిపోతా ఉంది. నాకు భయమైతా ఉంది."

సాయిబు తిట్టలేదు. పిల్ల తల్లి వైపు తిరిగి, "నా బిడ్డనుకుని పట్టుకుంటా తల్లీ," అన్నాడు. ఆమె తలూపింది. చెప్పులు విడిచి, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాలిన గడ్డం కింద చెయ్యి పెట్టి, తల గోడకు ఆనేట్టు పైకెత్తినాడు.

"ఇప్పుడు చెప్పు కదలొద్దని. నాకు చెప్పు."

"కదలొద్దు సాయిబూ," అంది హంపమ్మ. కెమెరా మూత తీసి, పది లెక్కపెట్టి, మూసింది.

మరునాడు ఫొటో పడిన గాజుపలకను మందునీళ్లలో కడిగితే పిల్ల మొగం రెప్పల వెంట్రుకలతో సహా తేటగా పడింది. సాయిబు చెయ్యి మాత్రం పొగలాగ చెదిరింది.

పలక మీద గీసి దాన్ని కప్పేద్దామని హంపమ్మ పెన్సిలు సన్నగా చెక్కుకుంది. "ముప్పై ఏండ్లుగా ఫొటోలు తీసిన చెయ్యి ఎట్లా కదిలింది సాయిబూ?"

"ఎప్పుడూ కదుల్తుందమ్మీ. మొదటినాడు ఎంత భయమో, నిన్నా అంతే. అందుకే దూరంగా నిలబడకుండా పోయి పట్టుకుంటా."

హంపమ్మ పలక మీది ఆ చెదిరిన చేతిని చూసింది. పెన్సిలు పక్కన పెట్టేసింది.