డాక్టరు గారి కారు మీద నల్ల తుంపర

ఇప్పుడు నేను చెప్పబోయేది కోతలని అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందే చెయ్యెత్తండి. తరవాత లేచి నిలదీస్తే ఊరుకోను. బందరులో నా అంతటి రేకు పనివాడు నాకు ముందు ఒక్కడే ఉన్నాడు, నా తరవాత ఒక్కడూ లేడు. ఆ ముందున్న ఒక్కడు మా గురువు బాజీ మేస్త్రి. ఆయనకో అలవాటుండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. కారు తలుపు మీద పాత పంచె ముక్క పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని అటూ ఇటూ తడిమేవాడు. వెంట్రుక మందం పల్లం ఉన్నా ఆ చేతికి తెలిసిపోయేది. అడిగినవాడు అంతసేపూ నిలబడాలి. సగం మంది అడిగింది మరిచిపోయి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. నేను వెళ్ళలేదు. వెళ్ళడానికి వీల్లేని ప్రశ్న నాది.

చిలకలపూడిలో హోమియో డాక్టరు అచ్యుతరామయ్య గారికి ఒక పాత అంబాసిడరు ఉండేది. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి దాన్ని ఇరవై ఏళ్ళు తీరిగ్గా భోంచేసింది. వెనక సీట్లో కూర్చుంటే కాళ్ళ కింద రోడ్డు మీద పోయే చీమలు కనిపించేవి. చీమలకు డాక్టరు గారు కనిపించేవారు. ఊళ్ళో పెద్ద షెడ్డాయన దాన్ని ఒక్కసారి చూసి, "తూకానికి అమ్మెయ్యండి," అన్నాడు. నేను చేస్తానన్నాను. నాకు షెడ్డు లేదు. మా ఇంటి ముందు రెండు తాటాకు తడికెలు, దుమ్ము పడకుండా మా ఆవిడ నాంచారమ్మ పాత చీరలు నాలుగు, అంతే నా కార్ఖానా. తుప్పు పట్టిన రేకంతా కోసి పారేశాను. కొత్త రేకు కత్తిరించి అతికాను. నేను సుత్తి పైకెత్తితే చాలు, వంకర రేకు భయపడి తనంతట తానే సర్దుకునేది. దాని మీద పల్చగా పుట్టీ, పుట్టీ మీద అరగదీత, ఆ పైన బూడిదరంగు ప్రైమరు. ఇరవై రోజులు వాటర్ పేపరు పట్టి రుద్దిన రుద్దుడికి నా వేలిముద్రలు అరిగిపోయాయి. ఈనాటికీ రేషను షాపు మిషను నన్ను గుర్తుపట్టదు. వెళ్ళి అడగండి.

ఇక రంగు వెయ్యడమే మిగిలింది. అప్పుడు మొదలెట్టాడు పెద్ద షెడ్డాయన. టీ కొట్టు దగ్గరా, బస్టాండు దగ్గరా ఒకటే మాట. "చీరలు కట్టుకుని చేసే పని ఎలా ఉంటుందండీ? బూడిదరంగులో అన్నీ నున్నగానే కనపడతాయి. మెరిసే రంగు పడనివ్వండి, తలుపులు అప్పడాల్లా తేలతాయి." ఆ మాట డాక్టరు గారి చెవిన పడింది. రేపు పొద్దున కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోతామని కబురు పంపారు. సగం పనిలో కారు నా వాకిలి దాటిందంటే, ఆ తరవాత బందరులో సైకిలు మడ్గార్డు కూడా నా చేతికి ఎవరూ ఇవ్వరు. నేను పరుగున గురువు దగ్గరికి వెళ్ళాను.

"మేస్త్రీ గారూ, చెయ్యని తప్పు ఊరంతా నా మొహాన పూస్తున్నాడు. కొట్టమంటారా? పంచాయితీ పెట్టమంటారా? దర్గాలో ప్రమాణం చెయ్యమంటారా?"

గురువు పంచె ముక్క మీద చెయ్యి తడుముతూనే ఉన్నాడు. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఆయన్నీ, డాక్టరు గారినీ పొద్దున్నే మీ ఇంటికి పిలువు," అన్నాడు.

పొద్దున్నే వచ్చారు. వాళ్ళిద్దరే కాదు, చిలకలపూడి మొత్తం వచ్చింది. గోడల మీద కూర్చున్నవాళ్ళ బరువుకి రెండు గోడలు కూలాయి. మూడోది మాదే కాబట్టి నిలబడింది. గురువు సంచిలోంచి దోమల మందు కొట్టే చేతిపంపు తీశాడు. దాని డబ్బాలో దోమల మందు లేదు. బాగా థిన్నరు కలిపి పల్చన చేసిన నల్లరంగు ఉంది. దాన్ని తెచ్చి పెద్ద షెడ్డాయన చేతిలో పెట్టాడు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడాయన.

"కొట్టు. నీకెక్కడ అనుమానముంటే అక్కడ ఇంకాస్త ఎక్కువ కొట్టు."

ఆయన ముందు కంగారు పడ్డాడు, తరవాత నవ్వాడు, ఆ తరవాత ఆగలేదు. నా ఇరవై రోజుల పని మీద నల్లతుంపర చిమ్ముకుంటూ పోయాడు. ఎడమపక్క తలుపులూ, మడ్గార్డులూ మొత్తం మశూచి పోసినట్టయ్యాయి. నాంచారమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, అయ్యో! మేస్త్రీ గారూ, మీరు గురువా, ఆయన బావమరిదా?" నా చేతిలో సుత్తి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను. గురువు నా చేతిలో సుత్తి పెట్టలేదు. వాటర్ పేపరు చుట్టిన చెక్క పెట్టాడు. "రుద్దు," అన్నాడు.

రుద్దాను. చెక్క చదునుగా ఉంటుంది కదా, రేకు చదునుగా ఉన్నచోటల్లా నలుపును ఊడ్చుకుపోతుంది. గుంట ఉంటే చెక్క పైపైనే పోతుంది, నలుపు గుంటలో మిగులుతుంది. అబద్ధమాడటం చెక్కకి రాదు. ముందు తలుపు మళ్ళీ బూడిదరంగు తేలింది. మడ్గార్డూ తేలింది. ఒక్కో చోట నలుపు పోతుంటే జనం ఈలలు వేశారు. ఆ ఈలలకు రేవులో పడవలు వెనక్కి తిరిగాయని చెబుతారు, నేను చూడలేదు. నేను చూసింది వేరు. ఎడమవైపు వెనక తలుపు మీద, పిడికి జానెడు కింద, చింతపిక్కంత నలుపు మిగిలిపోయింది. మళ్ళీ రుద్దాను. పోలేదు. ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో ఏది తగ్గించుకుంటారో తగ్గించుకోండి. ఆ చింతపిక్కను మాత్రం తగ్గించకండి, అది అంతే ఉంది.

"అదుగో! చెప్పలా?" అన్నాడు పెద్ద షెడ్డాయన.

ఈ పని చేసేవాళ్ళందరికీ ఒక దొంగ ఉపాయం తెలుసు. చెక్క తీసేసి, పేపరు మీద బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు. వేలు గుంటలోకి దిగుతుంది, నలుపు పోతుంది, గుంట మాత్రం ఎక్కడికీ పోదు. చూసేవాళ్ళకు తెలియదు. నా బొటనవేలు దానంతటదే చెక్క వదిలి పేపరు మీదికి జారింది. తలెత్తి చూస్తే గురువు నా మొహం వైపు చూడటం లేదు. నా వేలి వైపు చూస్తున్నాడు.

వేలు తీసేశాను. నాంచారమ్మ ముగ్గుబుట్టలోంచి సుద్దముక్క తెచ్చి, ఆ నలుపు చుట్టూ పళ్ళెమంత సున్నా చుట్టాను, గోడ ఎక్కినవాడికి కూడా కనపడేలా. "ఇది నాదే. నా చెయ్యి తప్పింది," అన్నాను. పంపు తీసి మళ్ళీ పెద్ద షెడ్డాయన చేతికిచ్చాను. "ఇంకా టాపు ఉంది, డిక్కీ ఉంది, కుడిపక్క మొత్తం ఉంది. కొట్టండి. మొహమాటపడకండి. మిగిలిన నలుపు నా తప్పు, పోయిన నలుపు మీ తప్పు."

ఆయన పంపు పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టాపు మీద రెండుసార్లు కొట్టాడు. నేను రుద్దాను. ఏమీ మిగల్లేదు. డిక్కీ మీద కొట్టాడు. ఏమీ మిగల్లేదు. కుడిపక్కకు వచ్చేసరికి ఆయన చెయ్యి పంపు కొట్టడం మానేసింది. ఊరికే తలుపు మీద ఆనింది. పైనుంచి కిందికి ఒకసారి తడిమి, పంపు అరుగు మీద పెట్టేశాడు.

డాక్టరు గారు తాడు పట్టుకుని వచ్చినవాళ్ళను ఆగమన్నారు. సుద్ద సున్నా దగ్గర వంగి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇది పూడాలంటే ఎన్నాళ్ళు పడుతుందోయ్ కొండలూ?"

"రేపు సాయంత్రానికి, డాక్టరు గారూ."

"అయితే ఎల్లుండి రంగెయ్యి," అని తాడు వాళ్ళను పంపేశారు.

జనం పోయాక గురువు పక్కన కూర్చున్నాను. "పని నిలబడింది మేస్త్రీ గారూ. కానీ నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు. మొహాన పూసేవాణ్ణి ఏం చెయ్యాలి?"

గురువు లేచి సంచి భుజాన వేసుకున్నాడు. "ఆ పంపు శుభ్రంగా కడిగి, మళ్ళీ నలుపు నింపి, ఆయనింటికి పంపించు. ఆయనతో మనకి మళ్ళీ అవసరం పడుద్ది."

సాక్షి కావాలా? నా మనుషుల్ని చూపిస్తే నమ్మరని తెలుసు. ఆ పెద్ద షెడ్డాయనే ఇంకా ఉన్నాడు. వెళ్ళి అడగండి. ముందు ఓ అరగంట నన్ను తిడతాడు, తిట్టనివ్వండి. తరవాత ఆ కుడిపక్క తలుపు సంగతి ఆయన నోటితోనే వినండి. పేరు మద్దుకూరి శోభనాద్రి.