అంతరత్త ఆకులో నీళ్ళెందుకు నిలవవు

ఒకప్పుడు కొల్లేట్లో నీళ్ళు తాగాలంటే కుండా చెంబూ అక్కర్లేదు. దోనెలోంచి వంగి దోసిలి పడితే చాలు. ఇప్పుడు మీరు సీసా మూత తిప్పి గటగటా తాగుతారే, ఆ నీళ్ళకి రుచీ పచీ ఉందా? ఆ రోజుల్లో నీళ్ళకి తడి ఆకు వాసన ఉండేది. నువ్వు చూశావా అని అడక్కండి. మా నాయనమ్మ మాత్రం చూసినట్టే చెప్పేది. వింటుంటేనే నాకు దాహం వేసేది.

ఆ నీళ్ళలో అంతరతామర అని ఒక మొక్క ఉండేది. ఇప్పుడూ ఉంది లెండి, నీళ్ళ మీద చిన్న క్యాబేజీలా కనిపిస్తుంది. కానీ అప్పటి దాని తీరే వేరు. అప్పుడు దాని వేళ్ళు అడుగున మట్టిలో ఉండేవి. పొడుగాటి కాడ ఉండేది. పైన గిన్నెల్లాంటి నున్నటి ఆకులుండేవి. ఆకు ఒకసారి మునిగి లేచిందంటే నిండా నీళ్ళే.

అక్కడికి దగ్గర్లోని లంకలో అచ్చియ్యమ్మ అనే ముసలామె, ఆమె మనవరాలు మంగతాయి ఉండేవాళ్ళు. లంకంటే చుట్టూ నీళ్ళున్న దిబ్బ. వాళ్ళు బాతులు మేపుకుని బతికేవాళ్ళు. పొద్దున్నే మంగతాయి బాతుల్ని రేవులోకి తోలి, అంతరతామర పక్కన చతికిలబడేది.

"అంతరత్తా, దాహం!"

"వచ్చావా కోడలు పిల్లా! మెల్లిగా తాగు, పొలమారుతుంది," అంటూ అంతరతామర ఆకు ముంచి అందించేది.

గట్టు మీంచి అచ్చియ్యమ్మ కేకేసేది. "ఒసేయ్, ఇంట్లో కడవ నిండా నీళ్ళున్నాయి కదే! మీ అత్త చేతి నీళ్ళయితే గానీ నీకు గొంతు దిగవా?"

"దిగవే నాయనమ్మా!"

ఆ మాట విన్నప్పుడల్లా అంతరతామరకి ఆకాశమంత సంతోషం. దానికి పువ్వుందా అంటే ఉంది, కానీ వెతికినా కనపడదు. కాయా లేనట్టే. తన బతుక్కి ఈ పిల్ల దాహం తీర్చడమే అందమని దాని నమ్మకం.

ఆ లంకల్లో ఒక ఆచారం ఉండేది. ఎవరి దోనె రేవుకొచ్చినా ముందు కాళ్ళకి నీళ్ళివ్వాలి. తర్వాత కడుపు నిండా అన్నం పెట్టాలి. వచ్చినవాళ్ళు తిని చెయ్యి కడుక్కున్నాకే ఊరూ పేరూ అడగాలి. ముందే అడిగితే పెట్టడానికి వెనకాడుతున్నట్టని తప్పుబట్టేవాళ్ళు. మనుషుల్ని చూసి చేపలూ, మొక్కలూ కూడా అదే నేర్చుకున్నాయి.

ఒక ఏడు వరదొచ్చింది. ఎక్కడెక్కడి నీళ్ళో వచ్చి కొల్లేట్లో కలిశాయి. వరద తగ్గి చలి మొదలైంది. ఒకనాటి పొద్దున అంతరతామర కాళ్ళ దగ్గర, అదే, వేళ్ళ దగ్గర, సన్నటి గొంతులు వినిపించాయి. కంటికి ఆనని జీవాలు కొన్ని చలికి కొంకర్లు పోతున్నాయి.

"అమ్మా, చలికి చచ్చిపోతున్నాం. నీ వేళ్ళ సందున ఇంత చోటిస్తావా?"

"అయ్యో, అడగాలా? రండి, రండి! ఉన్నన్నాళ్ళు ఉండండి. పొమ్మనను. మాటంటే మాటే."

కాళ్ళకి నీళ్ళిద్దామంటే వాటికి కాళ్ళే లేవు. సరేనని తన వేళ్ళమీది జిగురు తిండిగా పెట్టింది. ఇక తిన్నాక పేరడగాలి. అవేమో తింటూనే ఉన్నాయి. మాఘం వచ్చింది, తింటున్నాయి. ఫాల్గుణం వచ్చింది, ఇంకా తింటున్నాయి. తినడం అయితే కదా అడగడానికి! అంతరతామర పాపం, మర్యాద తప్పకూడదని ఊరుకుంది.

అవి తిని, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టి, చైత్రానికి వేళ్ళ మీద గోరు గుచ్చే సందు లేకుండా నిండిపోయాయి. ఎండలకి నీళ్ళు వేడెక్కాయి. అప్పుడు వాటికి హుషారొచ్చింది. కాడ ఎక్కడం, ఆకులో ఈదడం, నీళ్ళలోకి దూకడం, ఒకటే ఆట.

ఒకరోజు బాతులు వాటంతట అవే రేవుకొచ్చాయి. మంగతాయి రాలేదు. అంతరతామర మెడ సాచి దారి చూసింది. మధ్యాహ్నానికి అచ్చియ్యమ్మ పరుగున వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"అమ్మాయీ, నీ కోడలు పడిపోయిందే! ఒకటే వాంతులు, భేదులు. కళ్ళు లోపలికి పోయాయి. పిల్ల వడిలిపోయింది తల్లీ. అత్త నీళ్ళే కావాలంటోంది. ఒక్క ఆకు నీళ్ళియ్యి."

అంతరతామర గబాలున ఆకు ముంచి ఎత్తింది.

"ఇవ్వకక్కా! ఇవ్వకు!" అని కింది నుంచి ఒక గొంతు అరిచింది.

అది నత్త. దాని కాడ నాకి బతికే నత్త. రొప్పుతూ పైకొచ్చింది. "ఈ మాట చెబుదామని అడుగునుంచి ఎప్పుడో బయల్దేరానక్కా. నా నడక సంగతి నీకు తెలుసుగా. వరదలో ఇక్కడికి కొట్టుకురాకముందు ఎగువన ఏటి ఒడ్డున వీళ్ళని చూశాను. వీళ్ళున్న నీళ్ళు తాగిన ఇళ్ళలో ఏడుపులు విన్నాను. వీళ్ళ పేరడుగు!"

అంతరతామర వేళ్ళ వైపు వంగింది. "ఎవరర్రా మీరు?"

"గత్తర," అన్నాయవి, తింటూనే. ఇప్పుడు మీరు కలరా అంటారే, అదే.

ఆకు ఒరిగిపోయింది. నీళ్ళన్నీ ఒలికిపోయాయి. "నా జిగురు తిని నా పిల్లనే పొట్టన పెట్టుకుంటారా!" అని అంతరతామర గొల్లుమంది.

"మేం కావాలని చేశామా అమ్మా?" అన్నాయి గత్తర పిల్లలు. "వెచ్చబడితే ఈదుతాం. మనిషి కడుపులో పడితే అక్కడా పెరుగుతాం. మా పుట్టుకే అంత. నువ్వు విదిలిస్తే కొల్లేరంతా పాకుతాం. అప్పుడు ప్రతి కడవలోకీ పోతాం."

ఏడుస్తూ కూర్చుంటే పిల్ల దక్కదు. అంతరతామర అచ్చియ్యమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నా నీళ్ళు వద్దు. మీ కడవలో నీళ్ళూ పారబొయ్యి, అవీ ఇక్కడివే. నీ పాత నేతచీర ఉంది కదా, ఉతికి ఉతికి మెత్తబడినది? దాన్ని నాలుగైదు మడతలేసి, నా వేళ్ళ పొట్టూ, నలుసూ, పురుగూ పడకుండా కొత్తగా ముంచిన నీళ్ళు వడగట్టు. వాటిని తెర్లేలా కాచు. ఆ నీళ్ళతో గంజి వండి, చిటికెడు ఉప్పేసి, చెంచాతో ఆపకుండా పట్టు. కక్కినా మళ్ళీ పట్టు."

అచ్చియ్యమ్మ అలాగే చేసింది. పొయ్యి ఆర్పలేదు, కన్ను మూయలేదు. ఇక్కడ రేవులో అంతరతామర కూడా ఆకు ముడవలేదు. ఆ ఇంటి పొగ కనిపిస్తున్నంతసేపూ ఆశ ఉన్నట్టే అనుకుంది.

పిల్ల బతికింది.

కొన్నాళ్ళకి మంగతాయి గోడ పట్టుకుని, గట్టు పట్టుకుని, మెల్లిగా రేవుకొచ్చింది. పుల్లలా ఉంది. వస్తూనే అలవాటుగా వంగింది. "అంతరత్తా, దాహం!"

అంతరతామర ఆకు కూడా అలవాటుగా నిండి ఉంది. పిల్ల పెదాలు ఆకు అంచుకి తగలబోయాయి. అంతరతామర ఉలిక్కిపడి ఆకు తిప్పేసింది. నీళ్ళు పారిపోయాయి.

"అత్తా, నామీద కోపమా?"

"కోపం కాదే నా తల్లీ. నా ఆకులో నీళ్ళు కనిపిస్తే నువ్వు వంగుతావు. నువ్వు కాకపోతే ఇంకో పిల్ల వంగుతుంది."

"అయితే వాళ్ళని వెళ్ళగొట్టెయ్యి!"

"ఉండమని మాటిచ్చాను. వెళ్ళగొడితే మీ కడవల్లోకే వస్తారు. వాళ్ళని నా దగ్గరే ఉంచుకుని, నేనే వెళ్ళిపోతాను."

అలా అని తన వేళ్ళని మట్టిలోంచి లాగింది. పుట్టిన మట్టి వదలడం మొక్కకి ఎంత నొప్పో మీకూ నాకూ తెలీదు. వేళ్ళు ఊడొచ్చాయి. పొడుగాటి కాడ ముడుచుకుని లోపలికి పోయింది. నున్నటి ఆకుల మీద బొట్టు నిలవకుండా నూగు మొలిపించుకుంది. గత్తర పిల్లలు వేళ్ళ కుచ్చు పట్టుకుని వేలాడాయి. గాలి వచ్చి తోసింది.

మంగతాయి గట్టు వెంట కొంత దూరం నడిచింది. ఇంకా కాళ్ళలో సత్తువ రాలేదు, కూర్చుండిపోయింది. అంతరతామర నీళ్ళ మీద గుండ్రంగా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఆ పిల్లని చూసుకుంటూ పోయింది.

మొదటి రోజుల్లో గాలి ఎదురు తిరిగి దాన్ని మళ్ళీ రేవుకే తెచ్చేది. అచ్చియ్యమ్మ దోనె తోసే గెడ తీసుకుని లోపలికి నెట్టేది. "వెళ్ళిరామ్మా," అనేది. పొమ్మని ఎప్పుడూ అనలేదు.

అప్పటినుంచే చెరువు నీళ్ళు అద్దంలా కనిపించినా, మన ఆడవాళ్ళు కడవ మూతికి మడతలేసిన గుడ్డ కడతారు, పొయ్యి మీద పెట్టి కాస్తారు. అప్పటినుంచే గత్తర చలికాలమంతా నీటి మొక్కల్ని పట్టుకుని దాక్కుంటుంది. అప్పటినుంచే అంతరతామరకి కాడ లేదు, కాలికింద మట్టి లేదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. దాని ఆకు మీద మీరు చెంబుడు నీళ్ళు పోసి చూడండి, ఒక్క బొట్టు నిలవదు. ఏ కోడలు పిల్లా దాహమని వంగకూడదు కదా.