పోలమ్మ మెడలోని రోమక నాణెం

సముద్రపు ఒడ్డున ఒకానొక చిన్న రాజ్యం. దాన్నేలే ప్రతాపకేసరి మహారాజుకు రాజ్యం చిన్నదైనా దర్పానికి మాత్రం లోటు లేదు.

రేవులో పడవ నడిపే ఎర్రయ్య భార్య పోలమ్మ మెడలో, పుస్తెల పక్కన, వింత బంగారు నాణెం ఒకటి రాజభటుల కంటబడింది. ముందు కిరీటం పెట్టుకున్న ముఖం, వెనక రెక్కలున్న మనిషి, ఎవరికీ అంతుబట్టని అక్షరాలు. భటులు ఆమెను సభకు పట్టుకొచ్చారు.

ఆస్థాన పండితుడు విస్సావధాని ఆమె చేత దాన్ని ఇటూ అటూ తిప్పించి చూసి, "సందేహమేముంది ప్రభూ! తమ ముత్తాతగారే. ఆ బుగ్గలు చూడండి!" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. "అయితే ఇది మా ఖజానా సొత్తు. దొంగిలించిందన్నమాట!"

"తుపానులో ఓడను ఒడ్డుకు చేర్చినందుకు పరదేశి నావికుడు మా ఆయనకిచ్చాడు దొరా!" అని పోలమ్మ మొత్తుకుంది. రాజు వినలేదు. నిండు సభలో ఆమె మెడలో తాడు తెంపించాడు. రేపు చేతులు నరకమన్నాడు. పాపం, మొగుడు బతికుండగా బోసిమెడతో నిలబడాల్సి వచ్చి, ఆమె కొంగు కప్పుకుని సిగ్గుతో చితికిపోయింది.

మర్నాడు సభలో విదూషకుడు తిప్పన లేచి నిలబడ్డాడు. "ప్రభూ, ఈ నాణెంలో ముత్తాతగారి తల మీద రెండు చిల్లులున్నాయి. రాజు బొమ్మకు చిల్లులు పొడిపిస్తే శిక్షేమిటి?"

"నూరు కొరడా దెబ్బలు!"

"అలాగైతే రాణిగారి కాసులపేరు ఒకసారి తెప్పించండి."

తెచ్చారు. ఇరవై కాసులు. అన్నిటి మీదా అదే కిరీటం, అవే బుగ్గలు. ముఖం నిటారుగా వేలాడేందుకు తల మీద రెండేసి చిల్లులు.

"ఇవి పొడిపించిందెవరు ప్రభూ?"

రాజు ముఖం పాలిపోయింది. "మేమే. రేవులో పడమటి దేశపు రోమక వర్తకులకు మిరియాలిచ్చి తీసుకున్నాం. వాళ్ల చక్రవర్తి బొమ్మట. అప్పుడు బంగారమే చూశాం, ముఖం చూడలేదు."

"హమ్మయ్య! వెనకున్నది ముత్తవ్వగారైతే ఆ రెక్కలేమిటా అని నిన్నట్నుంచీ దిగులు పడుతున్నాను."

సభ గొల్లుమంది. అవధాని ఉత్తరీయంలో ముఖం దాచుకున్నాడు. రాజు సిగ్గుపడుతూనే నవ్వాడు. పుస్తెలూ నాణెమూ కళ్లకద్దుకుని పోలమ్మకిచ్చి, "తప్పు మాది తల్లీ," అన్నాడు. తన ఉంగరం తీసి తిప్పనకు ఇవ్వబోయాడు.

తిప్పన చెయ్యి చాపలేదు. "వద్దు ప్రభూ. రాణిగారి కాసుల మీదా ఇదే బొమ్మ, ఇవే చిల్లులని నాకు నిన్ననే తెలుసు. ఆమె మెడలో తాడు తెంపుతుంటే తమ కోపానికి జడిసి నోరు మూసుకు కూర్చున్నాను."

రాజు నవ్వు ఆగిపోయింది.

పోలమ్మ పుస్తెలు కొంగున ముడివేసుకుంటూ, "ఇయ్యాలన్నా లేచావు గదయ్యా," అంది.

ఆ మాట విన్నాక తిప్పనే కాదు, సభలో ఒక్కరూ తలెత్తలేకపోయారు.