రెండిళ్ళలో ఒకటే కషాయం

షెన్ గారు అడిగిన ప్రశ్నకు అడిగిన రోజే జవాబు చెప్పరు. ప్రశ్న విని తల ఊపి, చేస్తున్న పని చేసుకుంటూ పోతారు. జవాబు రెండు రోజులకు రావచ్చు, రెండు నెలలకు రావచ్చు. తీరా వచ్చాక కూడా అది జవాబులా ఉండదు. దక్షిణ చైనాలో కొండల నడుమ ఉన్న ఒక పట్నంలో ఆయన వైద్యుడు. పొద్దుటిపూట నాడి చూసి మూలికల కషాయాలు ఇస్తారు. మధ్యాహ్నం పక్క భవనంలోని ప్రయోగశాలకు వెళ్ళి, అవే మూలికలు కాలేయపు క్యాన్సర్ మీద ఏమైనా పనిచేస్తాయేమో పరీక్షిస్తారు. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు.

ఆయన శిష్యుల్లో మన పొన్నూరు నుంచి వెళ్ళిన ఒకామె ఉంది. పేరు వకుళ. అక్కడే వైద్యం చదివి, ఆ భాష నేర్చుకుని, ఆయన దగ్గరే పరిశోధనకు చేరింది. ఈ సంగతి ఆమె చెప్పగా విన్నదే. చెబుతున్నంతసేపూ తెల్లవారుజామున వచ్చిన కలను చెదిరిపోకుండా పట్టుకుంటున్నట్టు, మెల్లగా, ఆగి ఆగి చెప్పింది.

ఆ ఏడు వసంతంలో వకుళ అన్నయ్య భావనారాయణకు కాలేయంలో గడ్డ ఉన్నట్టు తేలింది. ఆయనకు పొన్నూరులో ఫొటో స్టూడియో ఉంది. గడ్డ చిన్నదిగా ఉండగానే కోసి తీసేద్దామని గుంటూరు డాక్టర్లు అన్నారు. ఆపరేషన్ ఇంకా పది రోజులుందనగా ఆయన చెల్లెలికి ఫోన్ చేశాడు.

"వకుళా, ఫోన్‌లో ఒక వీడియో చూశానే. మీ దగ్గరే ఎవరో తెప్ప నడిపే ముసలాయనట. నాకొచ్చిన జబ్బే ఆయనకూ వచ్చిందట. మీ గురువుగారి కషాయం తాగి తొమ్మిదేళ్ళుగా నిక్షేపంలా ఉన్నాడట. నిజమేనా?"

"నిజమే అన్నయ్యా. లూ అని, ఆయన పేరు నేనూ విన్నాను."

"మరి మందు నీ చేతిలో పెట్టుకుని నన్ను కత్తి కింద పడుకోమంటావేమే?"

ఆ కషాయపు సారం ఇచ్చిన ఎలుకల్లో గడ్డ పెరగడం నెమ్మదించిన సంగతి వకుళ స్వయంగా కొలిచి చూసింది. కాదనడానికి నోరు రాలేదు, అవుననడానికి ధైర్యం చాలలేదు. ఆ మధ్యాహ్నమే గురువు దగ్గరకు వెళ్ళి అన్నయ్య విషయమంతా చెప్పి, సూటిగా అడిగింది.

"గురువుగారూ, ఈ కషాయం కాలేయపు క్యాన్సర్‌ను నయం చేస్తుందా?"

షెన్ గారు తల ఊపారు. కడుగుతున్న గాజు గిన్నెను బోర్లించి, "ఎల్లుండి పొద్దున రేవుకు రా" అని మాత్రం అన్నారు.

ఆ పొద్దున ఏరంతా మంచు. పడవ కదిలిన కాసేపటికే రేవు మాయమైంది. రెండు పక్కలా నిలువుగా లేచిన కొండలు ఒక్కొక్కటీ తెల్లటి పొగలోంచి వచ్చి, దగ్గరగా నిలబడి, మళ్ళీ ఎటో వెళ్ళిపోతున్నాయి. నీళ్ళ చప్పుడు కూడా దూరంగా వేరెవరికో వినిపిస్తున్నట్టుంది. కదులుతున్నది పడవో కొండలో వకుళకు తెలియలేదు.

ఎండ పొడ తగిలేసరికి ఒక ఊరు వచ్చింది. ఒడ్డునే లూ బొమ్మ వేసిన ఎర్రగుడ్డ కట్టి ఉంది. ప్రతి ఇంటి కప్పు మీదా కషాయంలో వాడే తీగ కాడలు ఆరబోసి ఉన్నాయి. ఊరంతా చేదు వాసన, దాని వెనకాల ఎక్కడో చిన్న తీపి. లూ ఇంటి ముందు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముఖాల్లో గుడి తలుపులు తీసేవేళ కనిపించే ఆత్రం ఉంది.

లూకు ఎనభై ఏళ్ళు. ముఖం నిండా నవ్వు. వకుళ అన్నయ్య సంగతి వినగానే ఆమె చెయ్యి లాక్కుని తన డొక్క మీద పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఇక్కడ రాయి ఉండేది. ఇప్పుడు చూడు, బూరుగుదూది!"

చొక్కా పైకి జరిగింది. పక్కటెముకల కింద పొడుగాటి పాత కోత గీత కనిపించింది. వకుళ వేళ్ళు దాని మీద ఆగిపోయాయి.

"తాతా, మీకు ఆపరేషన్ చేశారా?"

"చేశారమ్మా, పట్నం ఆసుపత్రిలో. కషాయం ఆ తరవాతే."

"మరి వీడియో తీసినవాళ్ళకు చెప్పలేదేం?"

"వాళ్ళు కషాయం గురించే అడిగారు" అని లూ నిష్కల్మషంగా నవ్వాడు. లోపలికి వెళ్ళి, ఎండిన కాడలు ఒక గుడ్డసంచి నిండా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "మీ అన్నకు ఇవ్వు. తాగమను. తెప్ప నడపడానికి ఇక్కడికి రమ్మను."

కోత సంగతి తెలిశాక కూడా వకుళ ఆనందం తగ్గలేదు. పడవలో ఆ సంచిని గుండెకు హత్తుకుని కూర్చుంది. ఆపరేషన్ చేయించుకుని ఇది కూడా తాగితే అన్నయ్య తొమ్మిదేళ్ళేం, తొంభై ఏళ్ళు బతుకుతాడనిపించింది. కళ్ళు మూసుకుంటే పొన్నూరులోని స్టూడియో కనిపించింది. ఫొటోకు కూర్చున్న పెళ్ళికూతురి గడ్డం కాస్త పైకెత్తి, "ఇటు చూడమ్మా, ఇటు" అంటున్నాడు అన్నయ్య. ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయి ఉంది. నెరిసిన ఆ జుట్టును చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

కళ్ళు తెరిచి చూస్తే పడవ వెనక్కి తిరగలేదు. ఎగువకే పోతోంది.

మరో రెండు మలుపులు దాటాక, కొండ కింద ఒంటరిగా ఒక ఇల్లు. ఎర్రగుడ్డ లేదు, జనం లేరు. వాకిట్లో బుట్ట అల్లుకుంటున్న మనిషి లేచి వచ్చి షెన్ గారి చేతులు పట్టుకున్నాడు. అతని పేరు హువాంగ్. బల్ల మీద అప్పటికే జావ గిన్నెలు సర్ది ఉన్నాయి. గోడ మీద ఒక స్త్రీ ఫొటో ఉంది. కెమెరా చూసి కొంచెం సిగ్గుపడినట్టుంది.

"ఈయన భార్య మెయ్‌లాన్" అన్నారు షెన్ గారు. "లూకు జబ్బు వచ్చిన ఏడే ఈమెకూ వచ్చింది. కోసిన డాక్టరూ ఒకరే. కషాయం ఇచ్చింది నేనే. నాలుగో నెలలో పోయింది."

జావ తాగడం అయ్యాక హువాంగ్ కాసేపు గిన్నె అంచును వేలితో నిమురుతూ కూర్చున్నాడు. తరవాత తల ఎత్తకుండానే అన్నాడు:

"వైద్యుడుగారూ, కాచడంలో నేనేమైనా తప్పు చేశానా?"

"లేదు. సరిగ్గానే కాచావు."

"మంట ఎక్కువ పెట్టానేమో. లూ బతికాడు కదా, నీ చేతిలోనే ఏదో లోపం ఉందని ఊళ్ళో అంటారు."

వకుళ ఉండబట్టలేక, "ఎలా కాచేవారు?" అని అడిగింది. అతను చెప్పాడు. మట్టికుండలో మూడు గిన్నెల నీళ్ళు పోసి అరపూట నానబెట్టడం, పొంగు రాగానే మంట తగ్గించడం, ఒక గిన్నెకు మరిగాక గుడ్డలో వడకట్టడం, ఆమె చేదుకు ముఖం తిప్పుకుంటే పక్కన కూర్చుని తనూ ఒక గుక్క తాగడం. ఏ ఒక్కటీ మరిచిపోలేదు.

"మేం ప్రయోగశాలలోనూ అచ్చం ఇలాగే కాస్తాం" అంది వకుళ. "మీకంటే జాగ్రత్తగా మేమూ కాయలేమండీ."

హువాంగ్ ఆమె వంక చూశాడు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడ అతను ముఖం కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. ఒళ్ళో ఉన్న సంచి వకుళకు ఒక్కసారిగా బరువెక్కింది.

తిరుగుదారిలో మళ్ళీ మంచు దిగింది. ఎవరూ అడగకుండానే షెన్ గారు అన్నారు:

"ఏటా ఒకే రోజున రెండిళ్ళకూ వెళతాను. వేరు వేరు రోజుల్లో వెళితే ఒక ఇంటిని మరిచిపోతానేమోనని భయం."

రేవులో దిగగానే వకుళ అన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఆపరేషన్ చేయించుకో అన్నయ్యా. నేను వస్తున్నాను."

"ఆ ముసలాయన అబద్ధమా?"

"కాదు. చూశాను, బాగున్నాడు. ఆయనకూ ముందు ఆపరేషన్ చేశారు. ఇంకో ఇంటికి కూడా వెళ్ళాను. అక్కడ ఒకామెకూ చేశారు, అదే కషాయమూ తాగింది. కానీ ఇప్పుడు లేదు."

"అంటే మీకేం తెలీదన్నమాట."

"ఇంకా తెలీదు."

"సరేలే" అన్నాడు భావనారాయణ. "తెలుసని చెప్పుంటే భయమేసేది. త్వరగా రా."

గుంటూరులో ఆపరేషన్ జరిగింది. కషాయం సంగతి వకుళ డాక్టరును అడిగితే, కోసిన కాలేయం మానేదాకా ఏ మూలికా వద్దన్నాడు. ఆమె ఆ మాటే పాటించింది. రెండో నెలలో భావనారాయణ స్టూడియో తలుపు తీసి, గంటసేపు కూర్చుని, అలిసిపోయి మూసి వచ్చాడు. మర్నాడు రెండు గంటలు కూర్చున్నాడు. గండం గడిచిందా అని అడిగితే, ఇంకా కొన్నేళ్ళు ఆగి చూడాలన్నారు డాక్టర్లు. ఆగి చూడటం ఎలాగో ఇంట్లో అందరూ నేర్చుకుంటున్నారు.

వకుళ తిరిగి వెళ్ళిన రోజు ప్రయోగశాల కిటికీలన్నీ ఆవిరితో తెల్లబడి ఉన్నాయి. షెన్ గారు పొయ్యి ముందు నిలబడి కషాయం మరగడం చూస్తున్నారు.

"గురువుగారూ, ఇంతకాలమైనా తెలియని దాన్ని ఇంకా ఎందుకు కాస్తున్నారు?"

ఆ ఒక్కసారి ఆయన అడిగిన రోజే జవాబు చెప్పారు.

"'నీ తప్పు కాదు' అని హువాంగ్‌కు ఏటేటా చెబుతూనే ఉన్నాను. 'మరి ఆమె ఎందుకు పోయింది?' అని అతను ఇంతవరకూ అడగలేదు" అని మంట కొంచెం తగ్గించారు. "ఏదో ఒక ఏడాది అడుగుతాడు."